ఆరింటికి ఆగిపోయే చిన్నోడు

లెక్కల టీచరమ్మ తమ్ముడికి ఉన్నది ఒకటే జబ్బు. మెదడు లేని వస్తువు కనబడితే వాడికి జాలేస్తుంది.

మామూలు జాలి కాదు. చలికి వణికే కుక్కపిల్లని చూస్తే మనకెలా ఉంటుందో, గోడ మీద ఊరికే కూర్చున్న స్విచ్చిని చూస్తే వాడికలా ఉంటుంది. కాసేపు దాని చుట్టూ తచ్చాడతాడు. వేలితో ఒకసారి నిమురుతాడు. "పాపం, దీనికేం తెలీదు. మనం నొక్కితే వెలుగుతుంది, నొక్కకపోతే లేదు. ఇదీ ఒక బతుకేనా?" అంటాడు. ఆ మాట వాడి నోట్లోంచి వచ్చిందంటే ఇంట్లోవాళ్ళు ఆ స్విచ్చి మీద ఆశ వదులుకోవాల్సిందే. మర్నాటికల్లా దాని పొట్టలోంచి రంగురంగుల వైర్లు బయటికొస్తాయి. వాటి చివర పేకముక్కంత పచ్చ పలక ఒకటి కూర్చుని ఎర్రగా కన్నుకొడుతూ ఉంటుంది.

ఆ పలకే కంప్యూటరు. చూడ్డానికి పేకముక్కంతే కానీ, లోపల అన్ని అవయవాలూ ఉన్న నిండు కంప్యూటరు. టీవీకి తగిలిస్తే బొమ్మ చూపిస్తుంది, మోటారుకి తగిలిస్తే తిప్పుతుంది, స్పీకరుకి తగిలిస్తే మాట్లాడుతుంది. తమ్ముడు దానికి పెట్టుకున్న ముద్దుపేరు చిన్నోడు. ఒక్కదానికి కాదు, కొన్న ప్రతిదానికీ అదే పేరు. వంటింటి చిన్నోడు, వరండా చిన్నోడు, మెట్లకింద చిన్నోడు.

"మీకు పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే నాకు నోరు రావడం లేదు వదినా," అంటుంది టీచరమ్మ మరదలు. "నేను కన్నది ఇద్దర్ని. మిగతావాళ్ళందర్నీ ఆయనే పార్సిల్లో తెప్పించారు."

ఇంతా చేసి వాడేమీ ఇంజనీరు కాదు. బజారులో కళ్ళజోళ్ళ షాపు. పగలంతా ఒకరి ముక్కు మీద ఫ్రేము సరిచేస్తూ, ఇంకొకరి చెవి వెనక వంపు సరిచేస్తూ ఉంటాడు. కొలతలు తీసేటప్పుడు కదలకూడదు కాబట్టి షాపుకి వచ్చినవాళ్ళకి పారిపోయే దారుండదు. ఆ సందు చూసుకుని చిన్నోళ్ళ గొప్పలు మొదలుపెడతాడు. చత్వారం అద్దాల కోసం వచ్చి, ఇంట్లో గేటుకి మెదడు పెట్టించుకోవడానికి ఒప్పుకుని వెళ్ళినవాళ్ళున్నారు.

ఆ షాపులో కళ్ళు పరీక్షించే అక్షరాల బోర్డు కూడా మిగతా షాపుల్లో ఉన్నట్టు ఉండదు. వాడి చిన్నోడు ఎప్పటికప్పుడు అక్షరాలు మార్చేస్తాడు. అదే వీధిలో ఉండే తాతగారొకరు పాత బోర్డుని పైనుంచి కిందికి బట్టీపట్టి, ఏళ్ళ తరబడి కళ్ళజోడు లేకుండా నెట్టుకొచ్చేశారు. కొత్త బోర్డు పెట్టిన రోజు కూడా కుర్చీలో కూర్చుని, రెండు కళ్ళూ మూసుకుని గడగడా అప్పజెప్పేశారు. చిన్నోడు చూపించిన అక్షరాల్లో ఒక్కటీ వాటిలో లేదు. దొరికిపోయారు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఇంటికెళ్ళి, భార్య మొహాన్ని తేరిపార చూసి, "నువ్వేనా?" అన్నారట. ఆ ప్రశ్నకి ఆవిడ ఇచ్చిన జవాబు మూడిళ్ళ అవతలికి వినబడింది.

ఇంటి తలుపు సంగతి సరేసరి. మన గొంతు గుర్తుపడితేనే తెరుచుకుంటుంది. అది పెట్టిన వారానికే తమ్ముడికి జలుబు చేసింది. షాపు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "నేనే," అన్నాడు.

"మీరెవరో తెలియలేదు," అంది తలుపు.

"నేనేరా! నిన్ను పెట్టినవాణ్ణి!"

"మీరెవరో తెలియలేదు."

కిటికీలోంచి మరదలు తొంగిచూసింది. "మొండి తలుపండీ. పోనీ, దగ్గి చూడండి, మీ దగ్గు గుర్తుపడుతుందేమో." దగ్గాడు. తుమ్మాడు. పుట్టిన తేదీ చెప్పాడు. తలుపు మెత్తబడలేదు. చివరికి మరదలే లోపల్నుంచి గడియ తీసింది. తమ్ముడికి మాత్రం రవ్వంత చిన్నతనం లేదు. "చూశావా? ఎంత నిక్కచ్చిగా ఉన్నాడో! దొంగ అయితే ఏమయ్యుండేవాడు!" అని మురిసిపోయాడు.

అదీ వాడి చిన్నోళ్ళ తీరు. మనుషుల్ని ఏడిపిస్తారు, విసిగిస్తారు, వీధిన నిలబెడతారు. కానీ చెప్పిన పని మాత్రం తు.చ. తప్పకుండా చేస్తారు.

ఒక్క టీచరమ్మ ఇంట్లో తప్ప.

టీచరమ్మ రిటైరైన కొద్దికాలానికే ఆవిడ భర్త పోయారు. పొద్దున లేస్తే అటు స్కూలు లేదు, ఇటు ఇంట్లో మాటకి మాట అందించే మనిషీ లేడు. ఆవిడ ఏడవలేదు, ఎవరిముందూ కూలబడలేదు. తలుపు వేసుకుంది, అంతే. చదివే నవలలు అయిపోతే లైబ్రరీకి మాత్రం వెళ్ళొచ్చేది. పాలు కిటికీలోంచి అందుకునేది. పేపరు కిటికీలోంచి అందుకునేది. ఎవరైనా పలకరించడానికి వస్తే ఆ కిటికీలోంచే, "బానే ఉన్నానండీ," అని చెప్పి పంపించేసేది.

తమ్ముడు మొదట్లో వట్టి చేతులతో వచ్చేవాడు. "ఊరికే చూసిపోదామని, అక్కా."

"చూశావుగా. వెళ్ళు."

"మా ఇంటికొచ్చి ఉండొచ్చుగా?"

"వచ్చి? ముసలితనంలో నీ తలుపుకి నేనెవరో చెప్పుకోమంటావా? నా మీద ఎవరూ జాలిపడక్కర్లేదు. బయల్దేరు."

అప్పుడు వాడి చూపు బాల్కనీలో ఉన్న పూలకుండీల మీద పడింది. మొహం ఎప్పటిలా మెత్తబడింది.

"పాపం, అక్కా. వీటికి దాహమేస్తే చెప్పుకోవడానికి నోరు లేదు."

"ఒరేయ్! నా ఇంట్లో పెట్టావంటే చంపేస్తా. ముందు నీ తలకాయలో పెట్టుకో ఆ మెదడు."

మర్నాడే పెట్టేశాడు. బాల్కనీ చిన్నోడికి రెండు పనులు. కుండీలో మట్టి ఆరితే చిన్న మోటారు తిప్పి నీళ్ళు పోయడం, వీధితలుపు తెరిచి ఉంటే గుర్తుచేయడం. గుర్తుచేసే గొంతు తమ్ముడిదే. "తలుపు తెరవబడి ఉన్నది" అని రికార్డు చేసి పెట్టాడు.

"ఎవడ్రా ఇంట్లో ఇలా మాట్లాడేది? తాళపత్రం చదువుతున్నావా? తెరిచి ఉంది అను," అని టీచరమ్మ అక్కడికక్కడే నిలబెట్టి మళ్ళీ చెప్పించింది.

చిన్నోడు ఆ రోజంతా బుద్ధిగా ఉన్నాడు. మరుసటి రోజు సాయంత్రం గోడగడియారం ఆరు కొట్టేసరికి, బాల్కనీలోంచి తమ్ముడి గొంతు నీరసంగా వినబడింది. "అక్కా, నాకేదోలా ఉంది."

టీచరమ్మ పరుగెత్తుకెళ్ళింది. బాల్కనీలో తమ్ముడు లేడు. పచ్చ పలక ఉంది. "అక్కా, నాకేదోలా ఉంది," అని ఇంకోసారి అని, ఆగిపోయింది.

ఆవిడ ఫోను అందుకుంది. "ఒరేయ్, నీ చిన్నోడు మూలిగి ఆగిపోయాడు! వైరు పీకి పారేయనా?"

"అమ్మో, పీకద్దక్కా! పీకితే నేర్చుకున్నదంతా మర్చిపోతాడు. షాపు మూసి వచ్చేస్తున్నా, ఉండు!"

వచ్చాడు. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశాడు, బుల్లి టార్చి తీశాడు. ఆ వైరు ఇటూ, ఈ వైరు అటూ పీకి పెట్టాడు. ఎంతసేపటికీ తేల్చడు. టీచరమ్మ వాడి వెనకే నిలబడి వాయించేసింది. చిన్నప్పుడు రేడియో విప్పి మళ్ళీ బిగించలేకపోయిన సంగతి దగ్గర్నుంచి, పెళ్ళినాటి సూటుకి గుండీ తెగిపోయిన సంగతి దాకా ఏదీ వదల్లేదు. మధ్యలో గొంతు ఎండిపోతే టీ పెట్టుకుంది. పెట్టుకుంటున్నప్పుడు వాడికీ ఒక కప్పు పోయక తప్పదు కదా. తిడుతూ తిడుతూ భోజనం వేళ అయింది. అన్నం వడ్డించి కూడా తిట్టింది.

అది మొదలు. వాడు బాగుచేసి వెళ్తాడు, ఒకటి రెండు రోజులు బావుంటుంది, మళ్ళీ సాయంత్రానికి చిన్నోడికి ఏదోలా ఉంటుంది.

"చెప్పు, ఇవ్వాళేం రోగం?"

"చిన్నోడికి ఎండ తగిలినట్టుందక్కా."

"మొన్న వాన తగిలిందన్నావు!"

"వాడి ఒళ్ళు సున్నితమక్కా."

"నా మీద పగబట్టాడ్రా వీడు. నేను లైబ్రరీకి వెళ్ళిన రోజు బంగారంలా ఉంటాడు. పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉన్నానా, సాయంత్రానికి పేచీ. నన్ను చూస్తేనే పడదు వీడికి."

తమ్ముడు స్క్రూ కింద పడేసుకుని, దాన్ని వెతుక్కుంటూ బల్లకింద దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు.

ఒకరోజు మంచి నవల చివరి పేజీల్లో ఉండగా బాల్కనీలోంచి మూలుగు వినబడింది. టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే చిన్నోణ్ణీ, మోటారునీ, వైర్లనీ అట్టపెట్టెలో కుక్కి షాపుకి తీసుకెళ్ళింది. షాపు కిటకిటలాడుతోంది. తమ్ముడు ఒకాయన ముక్కు కొలుస్తున్నాడు. టీచరమ్మ అద్దాలబల్ల మీద పెట్టె దించింది.

"నీ పిల్లాణ్ణి నువ్వే పెంచుకో. నావల్ల కాదు."

తమ్ముడు ఏదో ఒకటి అంటాడనుకుంది. చిన్నోడి తరఫున వాదిస్తాడనుకుంది. వాడు పెట్టెలోకి చూశాడు, అక్క మొహంలోకి చూశాడు. "సరేలే అక్కా," అని, కొలుస్తున్న ముక్కుని మళ్ళీ మొదట్నుంచి కొలిచాడు.

ఆ సాయంత్రం ఆరు కొట్టింది. బాల్కనీలో ఎవరికీ ఏదోలా లేదు. టీచరమ్మకి మాత్రం ఏదోలా ఉంది.

పుస్తకం తెరిచింది, మూసింది. టీ పెట్టుకుంది. అలవాటుగా రెండు కప్పుల నీళ్ళు పోసేసింది. ఆ రెండో కప్పు ఎవరు తాగాలో తెలీక, ఒలకబోయడం ఇష్టంలేక, తనే తాగింది. ఫోను వైపు చూసింది. ఏమని చేయాలి? ఏదీ పాడవలేదే!

మర్నాడు తమ్ముడే వచ్చాడు. చేతిలో సంచి లేదు, జేబులో స్క్రూడ్రైవరు లేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీనివాడిలా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇటుగా పోతున్నానక్కా. ఎలా ఉన్నావో చూద్దామని..."

"చూశావుగా," అంది టీచరమ్మ. అనేశాక నాలిక్కరుచుకుంది. వాడు అప్పటికే తలూపి మెట్లు దిగిపోతున్నాడు. వెనక్కి పిలుద్దామని నోరు తెరిచింది. ఏ పని మీద పిలిచిందని చెప్పాలో తోచక మూసేసింది. జీవితంలో ఎన్నో కష్టమైన లెక్కలు చేసిన మనిషి, "ఒరేయ్, కాసేపు కూర్చో" అనే మూడు మాటలు నోట్లోంచి తీయలేకపోయింది.

ఆ వారం చివర్లో మళ్ళీ షాపు మెట్లెక్కింది. "ఆ పెట్టె ఇటివ్వు. మొక్కలు వాడిపోతున్నాయి," అంది. నిజానికి మొక్కలు ఆవిడకంటే బాగున్నాయి.

తమ్ముడి మొహం చాటంత అయింది. గబగబా పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఒక్క మాట," అంది టీచరమ్మ. "ఇకనుంచి వీడి వైద్యం నేనే నేర్చుకుంటాను. దీనికి రాసే ప్రోగ్రామ్ అంటే లెక్కలేగా? ప్రతిసారీ నీకోసం ఎదురుచూస్తూ కూర్చోలేను."

చాటంత మొహం చటుక్కున చిట్టి గరిటంత అయిపోయింది. "నీకెందుకక్కా ఆ శ్రమ? అది చాలా... అంటే, లోపల అంతా చెత్తగా రాశాను. చూస్తే నీకు తలనొప్పొస్తుంది."

"నీ పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని. నాకు కొత్త తలనొప్పులేం రావు."

లైబ్రరీలో అడిగితే, ఆ పుస్తకాలు చిన్నపిల్లల అరలో ఉన్నాయన్నారు. "మరీ చిన్నవాళ్ళకి రాసినవండీ," అని లైబ్రేరియన్ మొహమాటపడింది. "ఈ విద్యలో నేనింకా పాలపళ్ళు ఊడని పిల్లనేనమ్మా, ఇవ్వండి," అని బొమ్మల పుస్తకం ఒకటి చంకన పెట్టుకొచ్చింది టీచరమ్మ. చిన్నోణ్ణి టీవీకి తగిలించింది. మొదట దీపం వెలిగించడం నేర్చుకుంది, తర్వాత ఆర్పడం. ఆ తర్వాత ఎక్కాలు చెప్పించింది. చిన్నోడు పదమూడో ఎక్కం తడుముకోకుండా అప్పజెప్పినప్పుడు, ఎవరూ లేని గదిలో చప్పట్లు కొట్టింది.

ఈలోగా రెండుసార్లు ఆరింటికి వాడికి ఏదోలా అయింది. రెండుసార్లూ తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. టీచరమ్మ తిట్టింది కానీ, తిడుతూనే ఆలోచనలో పడింది. వీడి షాపులో చిన్నోడు ఎప్పుడైనా ఆగాడా? లేదు. జలుబు గొంతుని కూడా లోపలికి రానివ్వని ఆ తలుపు చిన్నోడు? ఒక్కనాడూ తప్పలేదు. అంత బాగా కట్టే మనిషి, తోడబుట్టినదాని ఇంట్లో మాత్రం ఇంత అధ్వానంగా ఎందుకు కట్టాడు? అయినా నిజంగా పాడైపోయే వస్తువుకి పొద్దున్న అనీ మధ్యాహ్నం అనీ ఉంటుందా? సరిగ్గా షాపు మూసేవేళకే పాడవ్వాలని దానికెవరు చెప్పారు?

మధ్యాహ్నం భోజనం కాగానే టీవీ ముందు కూర్చుని, వాడు రాసిన ప్రోగ్రామ్ తెరిచింది. జవాబుపత్రం దిద్దినట్టు పైనుంచి ఒక్కో వరుసా చదువుతూ వచ్చింది. మట్టి ఎండితే మోటారు తిప్పు. సరే. తలుపు తెరిచి ఉంటే చెప్పు. సరే. చెత్తగా రాశానన్నాడు కానీ, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ముత్యాల్లా ఉన్నాయి వరుసలు.

కిందికంటా వచ్చాక ఆగిపోయింది. అక్కడ వాడు తన గుర్తుకోసం మామూలు తెలుగులో ఒక మాట రాసిపెట్టుకున్నాడు.

"పొద్దుట్నుంచీ తలుపు ఒక్కసారి కూడా తెరుచుకోకపోతే, ఆరింటికి ఆగిపోవాలి. అక్క ఫోన్ చేస్తుంది."

టీచరమ్మ ఆ వరుస ఇంకోసారి చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివింది. లైబ్రరీకి వెళ్ళిన రోజు చిన్నోడు బంగారంలా ఎందుకు ఉండేవాడో ఇప్పుడు తెలిసింది.

"దొంగవెధవా!" అంది పైకే.

ముందు కోపమొచ్చింది. ఎన్ని సాయంత్రాలు! ఎంత నాటకం! ఎండ తగిలిందట, వాన తగిలిందట, ఒళ్ళు సున్నితమట! బాగానే ఉన్న స్క్రూలని ఊడదీసి మళ్ళీ బిగించుకుంటూ, అన్ని తిట్లు తింటూ, నవ్వు ఆపుకోవడానికి బల్లకింద దూరి... ఆ బల్లకింద మొహం ఎలా పెట్టి ఉంటాడో కళ్ళముందు కదిలింది. అంతే, ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుదామన్నా ఆగలేదు. భర్త పోయాక ఆ ఇంట్లో అంత పెద్ద చప్పుడు కాలేదు.

పై అంతస్తు ఆవిడ కంగారుగా మెట్లు దిగొచ్చి తలుపు కొట్టింది. "టీచరుగారూ! ఏమైందండీ? బాగానే ఉన్నారా?"

టీచరమ్మ వెళ్ళి, కిటికీ కాదు, తలుపే బార్లా తీసింది. "ఏం లేదండీ. మా తమ్ముడికి లెక్కలొచ్చని ఇవ్వాళే తెలిసింది. రండి, లోపలికి రండి."

"తలుపు తెరిచి ఉంది," అన్నాడు చిన్నోడు.

"ఉండనీరా," అంది టీచరమ్మ.

పై అంతస్తు ఆవిడ వెళ్ళాక టీచరమ్మ బొమ్మల పుస్తకం పక్కన పెట్టుకుని పనిలో దిగింది. తమ్ముడు రాసిన ఆ ఒక్క ముక్కనీ కొట్టేసి, దాని చోట తన సొంత లెక్క ఒకటి పెట్టింది. తలుపుతో పనిలేకుండా, తేదీ రెండు, మూడు, అయిదు, ఏడు, ఇలా ప్రధాన సంఖ్య అయిన ప్రతిరోజూ ఆరింటికి ఆగిపోయేటట్టు. పక్కన తెలుగులో ఒక్క మాట కూడా రాయలేదు. జవాబు పక్కనే రాసిపెట్టుకోవడం ఆవిడ దృష్టిలో పెద్ద తప్పు.

తర్వాతి ప్రధాన సంఖ్య నాడు లైబ్రరీకి వెళ్ళింది. కావాలనే షాపు ముందు నుంచి, తమ్ముడికి కనబడేలా, చెయ్యి ఊపి మరీ వెళ్ళింది. సాయంత్రం ఆరు కొట్టగానే ఫోను చేసింది.

"ఒరేయ్, వీడికి మళ్ళీ ఏదోలా ఉంది."

"ఇవ్వాళా?" అన్నాడు తమ్ముడు. ఈసారి గొంతులో నిజం కంగారు.

వచ్చాడు. చిన్నోణ్ణి అటూ ఇటూ తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఇవ్వాళ ఆగడానికి వీల్లేదే! నువ్వు లైబ్రరీకి వెళ్ళావు కదా!"

"వెళ్ళాను."

"మరి ఆగకూడదు కదా!"

"నేను లైబ్రరీకి వెళ్తే," అంది టీచరమ్మ తాపీగా, "వాడెందుకు ఆగకూడదురా?"

దొరికిపోయిన పిల్లాడి చెవుల్లా తమ్ముడి రెండు చెవులూ ఎర్రబడ్డాయి. చిన్నోణ్ణి టీవీకి తగిలించి, ప్రోగ్రామ్ తెరిచి, కిందిదాకా వెళ్ళాడు. తను రాసుకున్న మాట అక్కడ లేదు. దాని బదులు భాగహారాలూ, శేషాలూ బారులు తీరి ఉన్నాయి. ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాడు. వెనక్కి తిరగలేదు. వెనక వంటింట్లో టీచరమ్మ అవసరానికి మించి గిన్నెల చప్పుడు చేస్తోంది.

"అక్కా," అన్నాడు చివరికి. "ఇందులో ఏదో లెక్క దూరింది. నాకు అంతుపట్టడం లేదు."

"అంతుపట్టేదాకా కూర్చో. ఎవరు వెళ్ళమన్నారు?"

"ఇది ఇవ్వాళ తేలేలా లేదక్కా."

టీచరమ్మ వాడి పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తేలకపోతే రేపు రా. మరదల్నీ పిల్లల్నీ కూడా తీసుకురా. చూస్తుంటే ఇది నీ ఒక్కడివల్ల అయ్యే పనిలా లేదు."